వలసవాది వేరు, వలసదారు వేరు

సందేహం: "సరిహద్దులో వలసవాదుల అడ్డగింత" అని వార్తల్లో రాస్తున్నారు. ఇది సరైన మాటేనా? నాలుగు తరాలుగా ఇక్కడే ఉంటున్న మమ్మల్నీ వలసదారులనే అంటున్నారు. అనవచ్చా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

సమాధానం: సరైనది కాదు. హేతువాది, సామ్యవాది అన్నట్టు, '-వాది' చేరితే ఒక వాదాన్ని పట్టుకున్న మనిషి అని అర్థం. వలసవాదమంటే పరాయి దేశాన్ని ఆక్రమించి ఏలడం. ఆ శీర్షికను ఉన్నదున్నట్టు చదివితే ఈస్టిండియా కంపెనీ దొరలను ఆపారని తేలుతుంది. పొట్ట చేతపట్టుకుని వచ్చినవాడి మీద దోపిడీదారు ముద్ర పడుతుంది. 'వలసదారు' అనాలి. చందాదారు, వాటాదారుల్లో ఉన్న 'దారు'యే ఇదీ.

'వలస'లో నామోషీ ఏమీ లేదు. విజయనగరం జిల్లాలో కొత్తవలస అని ఊరి పేరే ఉంది. చిక్కంతా దాని పక్కన వాడే మాటలతోనే. ప్రాణభయంతో వచ్చి రక్షణ కోరేవాడు శరణార్థి. 'కాందిశీకుడు' ఇంకా లోతైన మాట: సంస్కృతంలో 'కాం దిశం', అంటే 'ఏ దిక్కుకు పోను?' అంటూ పరుగెత్తేవాడు. 1942లో బర్మా నుంచి నడిచి వచ్చినవారికి ఇది అతికినట్టు సరిపోతుంది. 'చొరబాటుదారు'లో దొంగతనంగా దూరాడన్న నేరారోపణ ఉంది. ఆధారం లేకుండా వాడకూడదు. బిహారు నుంచి చెన్నైకి పనికొచ్చిన కూలీకి అది అసలే వర్తించదు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కును పౌరులకు రాజ్యాంగం 19వ అధికరణమే ఇచ్చింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది మరొకటి. డాలస్‌లో ఉన్నవారు 'ప్రవాసాంధ్రులు', దుబాయ్‌లో తాపీపని చేసేవారు 'వలస కూలీలు'. ఇద్దరూ ఇల్లు విడిచి పోయినవారే. జీతాన్ని బట్టి మాట మార్చడం భాష తప్పు కాదు, రాసేవారి తప్పు. పని చెప్పవలసి వస్తే ఇద్దరికీ చెప్పండి: 'ప్రవాస ఇంజనీరు', 'ప్రవాస తాపీమేస్త్రి'.

ఇక మీ సంగతి. కదిలి వచ్చిన మనిషికే వలసదారన్న పేరు. అక్కడే పుట్టిన మనవడికి అది అంటదు. పైగా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మద్రాసు అవతల ఉండిపోయినప్పుడు, అప్పటికే అక్కడున్న తెలుగువారు ఎక్కడికీ కదలలేదు, కదిలింది సరిహద్దు. మిమ్మల్ని 'చెన్నై తెలుగువారు' అంటే సరిపోతుంది. నిరుడు నెల్లూరు నుంచి వచ్చి గిండీలో ఉద్యోగంలో చేరినవారిని 'వలస వచ్చినవారు' అన్నా తప్పులేదు.