అమ్మానాన్నలతో దూర ప్రయాణాలకు చిన్న కారు: ముందుగా వెనక సీట్లో కూర్చుని చూడండి

హన్మకొండ నుంచి నెలకు రెండుసార్లు హైదరాబాద్, ఏడాదికోసారి తిరుపతి వెళ్తామని మీరు అన్నారు. అమ్మానాన్నలకు మోకాళ్ల నొప్పులు, బడ్జెట్ 10 లక్షలు, ఏ చిన్న కారు తీసుకోవాలని అడిగారు. మాదీ హన్మకొండే. మా ఇంట్లోనూ అదే పరిస్థితి కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

నడిపేది మీరే అయినా కారును ఎంచుకోవాల్సింది మీ అమ్మానాన్నలు. మొదటిసారి కొన్నప్పుడు నేను ఆ పని చేయలేదు. 2016లో ఒక సెకండ్ హ్యాండ్ కారు తీసుకున్నాను. ధర, మైలేజ్, పికప్ అన్నీ చూశాను. వెనక సీట్లో మాత్రం ఒక్కసారి కూడా కూర్చోలేదు. అందులోనే తిరుపతి బయల్దేరాం. వర్ధన్నపేట, తొర్రూరు, సూర్యాపేట, మిర్యాలగూడ, అద్దంకి, నెల్లూరు మీదుగా దాదాపు 600 కిలోమీటర్లు. మిర్యాలగూడ దాటేసరికే అమ్మ అటూ ఇటూ మసలుతోంది. అద్దంకి దగ్గర టీకి ఆపితే డోర్ పట్టుకొని లేచింది గానీ నిలబడలేకపోయింది. తిరుపతి చేరేసరికి పాదాలు వాచిపోయాయి. మర్నాడు క్యూలో ఆమె గోడ పట్టుకొని నడుస్తుంటే నాకు చాలా బాధనిపించింది.

తప్పు సీటుదని తర్వాత అర్థమైంది. కూర్చునే భాగం పొట్టిగా, బాగా కిందికి ఉంటే మోకాళ్లు నడుము కన్నా పైకి లేస్తాయి. తొడల కింద ఆసరా ఉండదు, బరువంతా నడుము మీదే పడుతుంది. ఇరవై నిమిషాల్లో ఇది తెలియదు, గంటన్నర దాటాక తెలుస్తుంది. షోరూమ్ వాళ్లు తిప్పి చూపించే రెండు మూడు కిలోమీటర్లతో ఏం తేలుతుంది? అడిగి మరీ ఎక్కువ దూరం తీసుకెళ్లండి. మేము రెండో కారు కొనేటప్పుడు అమ్మనూ బాపునూ వెనక కూర్చోబెట్టి కాజీపేట, మడికొండ మీదుగా స్టేషన్ ఘన్‌పూర్ దాకా వెళ్లి వచ్చాం. ముందు సీటును నాకు సరిపడేంత వెనక్కి జరిపాకే వాళ్లను కూర్చోమన్నాను. అలా చేయకపోతే వెనక ఎంత చోటు ఉంటుందో తెలియదు. అమ్మ మూడు కార్లలో ఎక్కి దిగి చూసి, చివరికి మారుతి బాలెనో బాగుందంది. 2022లో అదే కొన్నాం.

దాని ఇంజన్ 1197 సీసీ, నాలుగు సిలిండర్లది. హైవే మీద అదురు తక్కువగా ఉంటుంది. వెనక ఏసీ వెంట్లు ఉన్నాయి. మే నెల ఎండల్లో వెనక కూర్చునే పెద్దవాళ్లకు ఇది చాలా ముఖ్యం. డిక్కీ 318 లీటర్లు. నలుగురి తిరుపతి సామాను పడుతుంది, కాస్త సర్దుకోవాలి. హైదరాబాద్ హైవే మీద 80, 90లో వెళ్తే మాకు లీటరుకు 19 కిలోమీటర్ల దాకా ఇస్తోంది. కారు ఢీకొంటే లోపలివాళ్లకు ఎంత రక్షణ ఉంటుందో చూసి 5 స్టార్లకు గాను మార్కులిచ్చే భారత్ ఎన్‌క్యాప్ పరీక్షలో బాలెనోకు 2025లో 4 స్టార్లు వచ్చాయి. టాటా ఆల్ట్రోజ్, టాటా పంచ్, 2024 నవంబర్‌లో వచ్చిన మారుతి కొత్త డిజైర్ అలాంటిదే అయిన గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు 5 స్టార్లు తెచ్చుకున్నాయి. మీరు ఇప్పుడు కొంటున్నారు కాబట్టి వాటినీ తప్పకుండా చూడండి. ఆల్ట్రోజ్, పంచ్ డోర్లు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి. పంచ్ సీటు కాస్త ఎత్తులో ఉంటుంది, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు వంగకుండా పక్కకు జరిగి కూర్చోవచ్చు. కాకపోతే ఈ రెండింటి 1.2 పెట్రోల్ ఇంజన్‌కూ, కొత్త డిజైర్‌ ఇంజన్‌కూ మూడు సిలిండర్లే. ఆ అదురు మీకు ఇబ్బంది అనిపిస్తుందో లేదో కారు నిలిపి, ఇంజన్ ఆపకుండా ఏసీ వేసి చూడండి.

సీఎన్‌జీ గురించి కూడా ఆలోచిస్తుంటే డిక్కీ తెరిచి చూడకుండా డబ్బు కట్టకండి. డిక్కీలో ఒకే పెద్ద గ్యాస్ సిలిండర్ ఉన్నవాటిలో పెట్టెలకు చోటుండదు. టాటా, హ్యుందాయ్ రెండు చిన్న సిలిండర్లు పెట్టి కొంత చోటు మిగిలిస్తున్నాయి. స్టెప్నీ ఉందా, పంక్చర్ కిట్ మాత్రమే ఇస్తున్నారా అన్నదీ అప్పుడే అడగండి.

లోడ్ సంగతి మాకు 2020 మేడారం జాతరప్పుడు తెలిసింది. బాపు మొక్కు, నిలువెత్తు బంగారం. ఆయన బరువంత బెల్లం, 68 కిలోలు, పాత కారు డిక్కీలో వేసి ఐదుగురం ఎక్కాం. ములుగు దాటాక ప్రతి స్పీడ్ బ్రేకర్‌కూ కింద గీసుకుంది. అందరూ దిగడం, దాటాక మళ్లీ ఎక్కడం. ఖాళీ కారు గ్రౌండ్ క్లియరెన్స్, అంటే కారు అడుగుకూ రోడ్డుకూ మధ్య ఉండే ఎత్తు వేరు, నిండుగా ఎక్కాక మిగిలేది వేరు. మనిషి తక్కువైతే టెస్ట్ డ్రైవ్‌కు పక్కింటివాళ్లనైనా తీసుకెళ్లండి. నిండు లోడ్‌కు టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. మామూలుగా పెట్టే దానికన్నా ఎక్కువే ఉంటుంది. దూరం వెళ్లే ముందు చల్లటి టైర్లకు గాలి పెట్టించండి.

ఆ జాతర నుంచి తిరిగి వస్తుంటేనే తాడ్వాయి, పస్రా మధ్య అడవిలో టెంపరేచర్ ముల్లు పైకి పోయింది. రేడియేటర్ పై గొట్టం పగిలి నీళ్లన్నీ కారిపోయాయి. వారం ముందే సర్వీసింగ్ చేసి అంతా బాగుందని ఇచ్చిన కారు అది. ఫోన్ సిగ్నల్ లేదు. ఒక లారీ డ్రైవరన్న ఆగి, సైకిల్ ట్యూబ్ ముక్కతో గొట్టానికి గట్టిగా కట్టు కట్టి, తన క్యాన్‌లోని నీళ్లు పోశాడు. డబ్బు ఇస్తే తీసుకోలేదు. మెల్లగా ములుగు చేరితే మా మోడల్ గొట్టం అక్కడ దొరకలేదు, వరంగల్ నుంచి తెప్పించాల్సి వచ్చింది. అందుకే మీరు తరచూ వెళ్లే దారిలో ఉన్న చిన్న ఊళ్ల మెకానిక్‌లను "ఈ కారు సామాను మీ దగ్గర దొరుకుతుందా?" అని ముందే అడగండి. ఇప్పుడు నేను సర్వీసింగ్‌లో గొట్టాలు, బెల్టు దగ్గరుండి చూపించుకుంటాను.

ధర విషయానికొస్తే, 4 మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజన్ ఉన్న కార్లకు 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు 28 శాతం, పైన సెస్సు. కాబట్టి పాత ధరలు చూసి పై వేరియంట్ అందదనుకోకండి. మిగిలిన డబ్బు సన్‌రూఫ్‌కు కాకుండా వెనక ఏసీ వెంట్లకు, ఎత్తు సరిచేసుకునే డ్రైవర్ సీటుకు పెట్టండి.

మీ చోట నేనుంటే ముందు పంచ్, తర్వాత ఆల్ట్రోజ్, బాలెనో, డిజైర్ వరుసగా చూసేవాణ్ని. నాలుగూ ఒకే రోజు వద్దు, అమ్మానాన్నలు అలసిపోతారు. రోజుకు రెండు చాలు. ఇంటికొచ్చాక మోకాళ్లు ఎలా ఉన్నాయో మర్నాడు పొద్దున కూడా అడగండి.