సన్నీవేల్‌లో ఐక్లర్ ఇల్లు కొనొచ్చా? ఆరేళ్లుగా ఉంటున్నవాళ్ల మాట

కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో 1962 నాటి ఐక్లర్ ఇల్లు (జోసెఫ్ ఐక్లర్ అనే బిల్డర్ కట్టించినది) నచ్చిందని, మధ్యలో ఉన్న ఏట్రియమ్‌కి, అంటే కప్పులేని లోపలి వాకిలికి, పైకప్పు వేయించి ఇంకో గది చేసుకోవచ్చా అని అడిగారు కదండీ. ఇల్లు కొనండి, ఏట్రియమ్ మాత్రం మూయకండి. ఆరేళ్లుగా అలాంటి ఇంట్లోనే ఉంటున్నాం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

వీధిలోంచి చూస్తే ఈ ఇళ్లకు కిటికీలే కనపడవు. మా అత్తయ్యగారు మొదటిసారి వచ్చినప్పుడు "ఇదేంటమ్మా, గోడౌన్‌లా ఉంది" అన్నారు. తలుపు తీసి లోపలికి అడుగు పెడితే మళ్లీ ఆకాశమే. చుట్టూ గదులు, వాటికి నేల నుంచి కప్పు దాకా అద్దాలు. ఆవిడ కాసేపు అలాగే నిలబడిపోయి "మన మండువా లోగిలే కదూ" అన్నారు. ఆ వేసవిలో అక్కడే పాత చీర పరిచి గుమ్మడి వడియాలు పెట్టి, వంట చేసుకుంటూనే అద్దంలోంచి కాకుల్ని కనిపెట్టుకునేవారు. లోపలి గదులకు వెలుతురూ గాలీ అక్కడి నుంచే. అది మూసేస్తే పగలు కూడా లైట్లు వేసుకోవాలి.

జోసెఫ్ ఐక్లర్ గారిది మొదట వెన్న, గుడ్ల వ్యాపారం. పేరున్న ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ డిజైన్ చేసిన ఇంట్లో కొన్నాళ్లు అద్దెకున్నాక ఇళ్లు కట్టడం మొదలుపెట్టి, కాలిఫోర్నియాలో సుమారు 11,000 కట్టించారు. జాతి, మతం చూడకుండా అమ్మారు. బిల్డర్ల జాతీయ సంఘం ఆ విధానాన్ని సమర్థించకపోతే 1958లో అందులోంచి బయటికొచ్చేశారు. మా వీధిలో మనవాళ్ల గుమ్మాలకు మామిడి తోరణాలు చూసినప్పుడల్లా ఆయన గుర్తొస్తారు.

ఇక ఇబ్బందులు. కప్పు బరువంతా స్తంభాలు, దూలాలే మోస్తాయి కాబట్టి అన్ని అద్దాలు పెట్టగలిగారు. కానీ అవి ఒంటి పొర అద్దాలు. చలికాలం వాటి పక్కన కూర్చోలేం. పాతవి పగిలితే కత్తుల్లా ముక్కలవుతాయి, పిల్లలుంటే ముందు అవి మార్పించండి.

అన్నిటికంటే ముఖ్యం నేల. ఇంటిని వెచ్చగా ఉంచే వేడినీళ్ల పైపులు నేల కాంక్రీటులోనే ఉంటాయి. తెల్లారి చెప్పుల్లేకుండా నడిస్తే ఆ గోరువెచ్చదనం ఎంతో హాయి. మూడో చలికాలంలో బాయిలర్ ప్రెజర్ పడిపోతూ వచ్చింది. హాల్లో ఒకచోట కాలు పెడితే మిగతా నేలకంటే బాగా వేడిగా తగిలింది. థర్మల్ కెమెరాతో చూస్తే సరిగ్గా అక్కడే లీకు. కొనేముందు వచ్చిన ఇన్‌స్పెక్టర్ ఆ పైపులకు ప్రెజర్ టెస్ట్ చేయలేదు, అడగాలని మాకూ తెలియదు. మీరు మాత్రం తప్పకుండా చేయించండి. అటక లేని కప్పు, కారితే నేరుగా గదిలోకే, కాబట్టి రూఫ్ ఎప్పుడు వేయించారో కాగితాలతో సహా అడగండి.

ఈసారి ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు, ఓనర్లను అడిగి, ఏట్రియమ్‌లో డ్రెయిన్ మీద ఓ బకెట్ నీళ్లు పోసి చూడండి. మాది ఆకులతో మూసుకుపోయి మొదటి వానకే నీళ్లు హాల్లోకి వచ్చేశాయి.