బిస్మార్క్ నిజంగా వ్యవసాయం చేశాడా?

చేశాడు, అదీ పేరుకు మాత్రమే కాదు. తరువాత జర్మనీ తొలి ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) అయినవాడు ఇతనే. నాటి జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో యుంకర్లు అని పిలిచే భూస్వాముల వర్గంలో, 1815 ఏప్రిల్ 1న ష్యోన్‌హౌజెన్‌లో పుట్టిన ఓట్టో ఫాన్ బిస్మార్క్, న్యాయశాస్త్రం చదివి ప్రభుత్వోద్యోగంలో చేరినా, పైవారి అజమాయిషీ గిట్టక దానిని వదిలేసి, 1839లో ప్రష్యాలోని పొమెరేనియా ప్రాంతంలో అప్పుల్లో ఉన్న కుటుంబ ఎస్టేట్లను అన్నతో కలిసి చేపట్టాడు. పద్దులు శ్రద్ధగా చూసుకుంటూనే తాగుడుతో, గుర్రపు స్వారీతో ‘పిచ్చి బిస్మార్క్’ అనిపించుకున్నాడు.

1845లో తండ్రి మరణించాక ష్యోన్‌హౌజెన్ ఇతని చేతికి వచ్చింది. మరుసటి ఏడాది ఎల్బే నది వరదకట్టల పర్యవేక్షణాధికారి అయ్యాడు. 1847లో ప్రష్యా ఐక్య శాసనసభలో ప్రవేశించినది కూడా, జబ్బుపడిన ఒక సభ్యుడి స్థానంలో ప్రత్యామ్నాయంగానే. ఇంత పెద్ద రాజకీయ జీవితానికి ఇంత చిన్న ద్వారం ఆశ్చర్యమే.

తరువాత ప్రష్యా ప్రధానమంత్రి అయ్యాక, ఆస్ట్రియాపై 1866 విజయానికి బహుమానంగా లభించిన 4,00,000 థాలర్ల (నాటి వెండి నాణేల) సొమ్ముతో పొమెరేనియాలోని వార్జిన్ ఎస్టేటు కొన్నాడు. 1871లో చక్రవర్తి మొదటి విల్‌హెల్మ్ హాంబర్గ్ సమీపంలోని జాక్సెన్‌వాల్డ్ అడవిని ఇచ్చాడు. అందుచేత 1879లో దిగుమతి ధాన్యంపై, కలపపై సుంకాలు విధించినప్పుడు, స్వయంగా కలప అమ్ముకునే ఛాన్సలర్‌కు ఆ విధానం సొంత లాభానికి దూరమైనది కాదని నా అభిప్రాయం. 1890లో పదవి పోయిన తరువాత ఆ అడవిలోని ఫ్రీడ్రిష్‌రూలోనే ఎక్కువగా ఉంటూ, 1898 జూలై 30న అక్కడే మరణించాడు.