తుపాను పైసలు తుపాను రాకముందే ఖర్చు పెట్టాలి

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర పల్లె. నాకు 56 ఏళ్లు. సాగర్ ఎడమ కాల్వ కింద నాలుగెకరాల్లో సన్నాలు వేశాను, చెలకలో రెండెకరాల పత్తి ఉంది. బిడ్డ, అల్లుడు బందరులో ఉంటారు. అద్దె ఇల్లు, కింది షట్టర్‌లో బట్టల దుకాణం, దాని మీద ముద్రా లోన్. పోయినేడు తుపానుకు ఇక్కడ మా వరి నేలవాలింది, అక్కడ వాళ్ల దుకాణంలోకి నీళ్లొచ్చాయి. మొన్న రెండు లక్షల చిట్టీ ఎత్తితే లక్షా ఎనభై వేలు చేతికొచ్చాయి. ఇంకా ఎనిమిది నెలలు కట్టాలి. అందులో లక్షన్నర దీపావళి సరుకుకు సర్దమని అల్లుడు అడుగుతున్నాడు. తుపాను వస్తుందంటే బంగారం, కాగితాలు ముందురోజు బస్సులో మా ఇంటికి పంపిస్తామని బిడ్డ అంటోంది. ఈ పైసలు ఇన్సూరెన్సులో పెట్టాలా, బ్యాంకులో వేయాలా, అల్లుడికి ఇవ్వాలా? పేరు రాయొద్దు.

జవాబు: ముందు చిట్టీ సంగతి. మీ చేతిలో లక్షా ఎనభై వేలు ఉన్నాయి నిజమే, కానీ నెలకు పదివేల చొప్పున ఎనిమిది నెలలు కట్టాలి. డివిడెండ్ వల్ల వాయిదా కొంత తగ్గినా, ఇందులో దాదాపు సగం అప్పు కిందే లెక్క. అంటే మీది అనుకోదగ్గ సొమ్ము లక్ష పైచిలుకు. దాంట్లోంచి లక్షన్నర ఎవరికైనా ఎట్లా ఇస్తారు? అల్లుడి మీద నమ్మకం లేక అంటున్న మాట కాదు. ఇచ్చాక కోతల టైంకు మీ దగ్గర మిషన్ కిరాయికి కూడా పైసలుండవు, అదీ భయం.

బంగాళాఖాతంలో తుపాన్లు ఎక్కువగా పుట్టేది ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. మీ వరి కోతకొచ్చేది, పత్తి పగిలేది, అల్లుడి దుకాణంలో పండగ సరుకు నిండుగా ఉండేది సరిగ్గా ఈ రెండో సీజన్‌లోనే. మీ రెండు కుటుంబాల సొమ్మూ ఒకే నెలలో వాన కింద ఉంటుంది. తుపాను బందరుది, మనకేం అనుకోవడానికి లేదు. మోంథా తుపాను 2025 అక్టోబర్ 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటితే, మర్నాడు దేవరకొండ, డిండి వైపు ఎట్లా కురిసిందో మీకు చెప్పక్కర్లేదు.

అందుకే ఈ పైసలకు నేను చెప్పే వాడకం ఒక్కటే. నష్టం వచ్చాక పూడ్చుకోవడానికి దాచకండి, నష్టం రాకముందు ఖర్చు పెట్టడానికి ఉంచుకోండి.

వరి లెక్క చూడండి. ఎకరాకు పాతిక క్వింటాళ్లు అనుకుంటే నాలుగెకరాలకు వంద క్వింటాళ్లు. 2025-26లో ఏ గ్రేడ్ వడ్లకు మద్దతు ధర 2,389 రూపాయలు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో సన్నాలు పోస్తే రాష్ట్రం ఇచ్చే 500 బోనస్ అదనం. అక్కడ వడ్లలో తేమ 17 శాతం దాటకూడదు. మీ దిక్కు చాలామంది కోసిన వడ్లు కోసినట్టే, పచ్చివి మిర్యాలగూడ మిల్లులకు తోలేస్తారు. మామూలు రోజుల్లో అందులో తప్పేమీ లేదు, ఆరబోసే పని తప్పుతుంది. తుపాను వార్త రాగానే ఊరూరా ఒకేసారి కోతలు పెడతారు. మిల్లు ముందు ట్రాక్టర్లు బారు కడతాయి. డ్రైవర్ రాత్రంతా ట్రాలీ కింద పడుకుంటాడు, వడ్లు పైన వేడెక్కుతుంటాయి. అప్పుడు మిల్లువాళ్లు చెప్పిందే రేటు. క్వింటాలుకు 400 తగ్గినా మీకు 40 వేలు పోయినట్టే. అదే పొలం తడిశాక కోయాలంటే టైర్ మిషన్ దిగదు, చైన్ మిషన్ తేవాలి, దాని కిరాయి ఎక్కువ, గంటలూ ఎక్కువ పడతాయి.

కాబట్టి 40 వేలు కోతల కోసం సేవింగ్స్ ఖాతాలో కదిలించకుండా పెట్టండి. చేను కోతకు వచ్చిందంటే మిషన్ వాళ్లకు ముందే అడ్వాన్స్ ఇచ్చి తేదీ ఖాయం చేసుకోండి. అడ్వాన్స్ ఇచ్చినవాళ్ల పొలానికే మిషన్ ముందు వస్తుంది, మీకు తెలిసిందే. వడ్ల మీద కప్పే పరదాలు దసరాకు ముందే కొనండి. తుపాను హెచ్చరిక వచ్చాక అదే పరదాకు రేటు పెరుగుతుంది, పలచటిది అంటగడతారు. పాతవి ఉంటే ఎండకు పట్టి చూడండి, చుక్కచుక్కగా వెలుతురు కనిపిస్తే అది నీళ్లు ఆపదు. పత్తికి పెద్దగా చెప్పేదేం లేదు. పగిలింది పగిలినట్టు ఏరించండి, తడి పత్తిని మంచి పత్తిలో కలపకండి. తేమ 12 శాతం దాటితే ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ తీసుకోదు, 8 నుంచి 12 మధ్య ఉంటే ధర కోస్తుంది.

పంటల బీమా ఉంది కదా అంటారేమో. ఫసల్ బీమా నుంచి 2020లో మన రాష్ట్రం బయటకొచ్చింది. మళ్లీ చేరతామని 2024లో ప్రకటించారు. ఈ సీజన్‌కు మీ మండలంలో ఉందా, మీ పంటకు వర్తిస్తుందా అన్నది మీ వ్యవసాయ విస్తరణ అధికారిని (ఏఈఓ) అడిగి, ఉంటే గడువులోగా కట్టండి. ఇక రైతు బీమా చాలామంది పంటకే అనుకుంటారు, కాదు. అది 18 నుంచి 59 ఏళ్ల రైతుకు ఉండే ఐదు లక్షల జీవిత బీమా. మీకు ఇంకా మూడేళ్లు ఉంటుంది, అందులో నామినీగా ఎవరి పేరుందో మాత్రం ఒకసారి చూసుకోండి. నష్టపరిహారం విషయానికొస్తే, 2023లోనూ 2024లోనూ ఎకరాకు పదివేలు ప్రకటించారు. 33 శాతానికి మించి పంట పోయిందని రాస్తేనే అదైనా. వస్తే తీసుకుందాం, లెక్కలో మాత్రం వేసుకోవద్దు. చేను పడిపోతే మాత్రం కోసేముందు సర్వే నంబర్ తెలిసేలా ఫోటోలు తీసి, లిస్టులో పేరు ఎక్కిందో లేదో ఏఈఓ దగ్గర చూసుకోండి.

ఇప్పుడు బందరు. అల్లుడిని ఒక పని చేయమనండి, ఖర్చు లేనిది. ముద్రా లోన్ ఇచ్చిన బ్యాంకుకు వెళ్లి, తన స్టాక్ మీద ఇన్సూరెన్స్ ఉందా అని అడగమనండి. తాకట్టు పెట్టుకున్న సరుకుకు బ్యాంకులు చాలాసార్లు తామే పాలసీ తీసుకుని, ప్రీమియం లోన్ ఖాతాలోంచి కట్ చేస్తాయి. పాలసీ కాగితం బ్యాంకు ఫైల్లో ఉంటుంది, దుకాణదారుకు ఉన్నట్టే తెలియదు. పోయినేడు నీళ్లొచ్చినప్పుడు క్లెయిమ్ వేశారా అన్నది మీరు రాయలేదు. వేయలేదనే అనిపిస్తోంది.

పాలసీ ఉంటే మూడు సంగతులు చూడాలి. తుపాను, వరద నష్టం అందులో ఉందా, దుకాణం అడ్రస్ ఇప్పటిదేనా, ఎంత సరుకుకు రాశారు. నాలుగు లక్షలకు రాయించి, పండగ ముందు ఏడు లక్షల సరుకు పెడితే, క్లెయిమ్‌లో ఆ తేడాకు తగ్గట్టు కోత పడుతుంది. పాలసీ లేకపోతే భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష అని ఒకటుంది, మొత్తం ఆస్తి ఐదు కోట్ల లోపున్న వ్యాపారాలకు జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ ఇస్తాయి. ఇంట్లో సామానుకు భారత్ గృహ రక్ష ఉంది. అద్దెకుండేవాళ్లు గోడలకు కాకుండా సామానుకు మాత్రమే తీసుకోవచ్చు. రెండింటిలోనూ తుపాను, వరద నష్టం ఉంటుంది. ఎప్పుడు తీసుకోవాలంటే, ఇప్పుడే. వాయుగుండం వార్త టీవీలో తిరుగుతున్నప్పుడు పాలసీ కోసం వెళ్తే ఇచ్చేవాళ్లు దొరకరు. ఆ ప్రీమియం మీరే కట్టండి, మామగారి సాయం అదే అనుకోమనండి. సరుకు బిల్లులు, స్టాక్ పుస్తకం ఫోటోలు తీసి మీ ఫోన్‌కు పంపమనండి. తడిసిపోయిన బిల్లులతో సర్వేయర్‌ను ఒప్పించడం కష్టం.

పండగ సరుకు వద్దని నేననను. వ్యాపారం అన్నాక దీపావళికి సరుకు లేకుండా కూర్చోలేడు. మీ చిట్టీ పైసలతో వద్దంటున్నాను. హోల్‌సేల్ వాళ్ల దగ్గర అరువు మీద, అమ్ముడుపోనిది వాపసు తీసుకునే షరతుతో తెచ్చుకోనివ్వండి. మార్జిన్ కాస్త తగ్గుతుంది, తగ్గనివ్వండి. పాలసీ చేతికొచ్చి, మీ వడ్ల పైసలు ఖాతాలో పడ్డాక, డిసెంబర్‌లో సంక్రాంతి సరుకుకు ఒక యాభై వేలు సర్దితే నాకు అభ్యంతరం లేదు. కింది అరలు నేల మీద నుంచి రెండు మూడడుగులు లేపించుకోమనండి, ఆ వడ్రంగి ఖర్చు కూడా మీరు పెట్టుకున్నా పర్వాలేదు.

బంగారం బస్సులో పంపడం మాత్రం నాకు అస్సలు నచ్చలేదు. 2024 సెప్టెంబర్ మొదట్లో మున్నేరు పొంగి నందిగామ దగ్గర విజయవాడ హైవే మూసేశారు, కోదాడ చుట్టుపక్కలా నీళ్లే. బందరు నుంచి మీ ఊరికి రావాలంటే మామూలుగా ఆ దారే. బంగారంతో మీ బిడ్డ నడిరోడ్డు మీద చిక్కుకుంటే? బందరులోనే లాకర్ తీసుకుని సీజన్‌కు ముందే పెట్టేయమనండి. ఒక్క మాట తెలిసి ఉండాలి. దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం లాంటివి జరిగితే బ్యాంకు ఏడాది అద్దెకు వంద రెట్ల దాకా బాధ్యత వహించాలని ఆర్‌బీఐ నిబంధన. వరద, భూకంపం లాంటి ప్రకృతి విపత్తులకు బ్యాంకు బాధ్యత లేదు. అయినా బంగారం తడిస్తే పాడయ్యేదేం లేదు, కాగితం తడిస్తేనే పోతుంది. కాబట్టి బంగారం లాకర్‌లో, అసలు కాగితాలు మీ ఇంట్లో. సర్టిఫికెట్లు, లోన్ పత్రాలు జిప్ కవర్లో పెట్టి దసరాకు వచ్చినప్పుడు తెచ్చి ఇవ్వమనండి, కాపీలు వాళ్ల దగ్గర చాలు.

చేతిలో నోట్లు ఉండాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. ఇప్పుడైతే కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌పేనే కదా, టవర్ పడిపోతే అదీ లేదు. మీ ఇంట్లో పదివేలు, బిడ్డ దగ్గర పదివేలు ఉంచండి. వంద, రెండొందల నోట్లు ఎక్కువ ఉండాలి, తుపాను రోజు ఐదొందలకు చిల్లర పుట్టదు.

కోతకు 40 వేలు, నోట్లు 20 వేలు పోగా, ప్రీమియాలకు, పరదాలకు, అరల పనికి ఇంకో 20 వేలు. వడ్ల పైసలు వచ్చేదాకా మూడు నెలల చిట్టీ వాయిదాలకు 30 వేలు. మిగిలిన 70 వేలు ఎఫ్‌డీ చేయండి, ఒకటే కాకుండా 35 వేల చొప్పున రెండు. అవసరం పడితే ఒకటి విరగ్గొట్టొచ్చు, రెండోదాని వడ్డీ అట్లాగే నడుస్తుంది.

మీ సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకులోనే ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్ష బీమా కట్టండి. 70 ఏళ్ల దాకా ఉంటుంది, ప్రమాదంలో పోతే రెండు లక్షలు. పిడుగు, వరద లాంటివి ఇందులోకి వస్తాయి. పాము కాటు కూడా వస్తుంది, అయితే ఆసుపత్రి కాగితం ఉండాలి. వానలో పొలం గట్ల మీద తిరిగే మనిషికి ఇది లేకపోతే ఎట్లా? 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమాలో కొత్తగా చేరడానికి 50 ఏళ్లే హద్దు, మీకు కుదరదు. బిడ్డ, అల్లుడు రెండింటిలోనూ చేరొచ్చు.

అల్లుడికి బండి ఉంటే దాని ఇన్సూరెన్స్ కూడా చూడమనండి. ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చే థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే నీళ్లలో మునిగినా పైసా రాదు. సొంత బండి నష్టానికి ఇచ్చే ఓన్ డ్యామేజ్ ఉన్నా సరే, మునిగిన బండిని స్టార్ట్ చేసి ఇంజిన్ పాడుచేసుకుంటే కంపెనీ కాదంటుంది. తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లమనండి. దుకాణంలోకి నీళ్లొచ్చినా తొందరపడొద్దు. సర్దేముందు ఫోటోలు, వీడియో తీసి, అదే రోజు కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ రాయించుకోవాలి, సర్వేయర్ వచ్చి చూసేదాకా తడిసిన చీరలు పారేయొద్దు. పోయినేడు నష్టానికి పాలసీ అమల్లో ఉండి ఉంటే, ఆలస్యమైనా బ్యాంకు ద్వారా ఒక లెటర్ పెట్టి అడగమనండి. ఆలస్యానికి సరైన కారణం ఉంటే, గడువు దాటిందన్న ఒక్క మాటతో నిజమైన క్లెయిమ్‌ను కొట్టేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు చెప్పి ఉంది.