వీల్ ఆఫ్ టైమ్ పదో పుస్తకం వదిలేసి పదకొండుకి వెళ్ళిపోవచ్చా?

రాబర్ట్ జోర్డన్ ఫాంటసీ నవలల సిరీస్ వీల్ ఆఫ్ టైమ్‌లో తొమ్మిది పుస్తకాలు ఆగకుండా చదివి, పదోదైన క్రాస్‌రోడ్స్ ఆఫ్ ట్వైలైట్ మొదట్లోనే ఇరుక్కుపోయానన్నారు. వదిలేయకండి. అలాగని ప్రతి పేజీ శ్రద్ధగా చదవాల్సిన పని కూడా లేదు.

ఇంకా ఎన్ని పేజీలున్నాయో అని నేను తిప్పి చూసుకున్నది ఈ సిరీస్‌లో ఆ ఒక్క పుస్తకంలోనే. వర్ణనలు ఎక్కువని అందరూ అంటారు గానీ, అవి నాలుగో పుస్తకంలోనూ ఉన్నాయి, అక్కడ నాకు విసుగు రాలేదు. ఇక్కడ అసలు చిక్కు కాలంతో వచ్చింది. తొమ్మిదో పుస్తకం చివర కథానాయకుడు రాండ్, నైనీవ్ కలిసి సైదీన్‌ని, అంటే మగవాళ్ళు వాడే, కలుషితమైపోయిన మంత్రశక్తిని, శుద్ధి చేశారు కదా. తర్వాత ఏమవుతుందోనని పదోది తెరిస్తే కథ వెనక్కి వెళ్తుంది. అదే సమయంలో రాండ్ ఊరి స్నేహితుల్లో పెరిన్ ఎక్కడున్నాడు, మ్యాట్ ఏం చేస్తున్నాడు, ఎగ్వేన్ దగ్గర ఏం జరుగుతోంది అంటూ చాలా దూరం సాగుతుంది. ఎక్కడో ఏదో మహాశక్తి ప్రయోగం జరుగుతోందని వాళ్ళు కంగారుపడుతుంటారు. అదేమిటో మనకి ముందే తెలుసు! రాండ్ కనిపించేది కొన్ని పేజీలే.

2000లో తొమ్మిదోది చదివి, 2003 దాకా ఎదురుచూసినవాళ్ళకి ఇది దొరికింది. పైగా పదకొండోది 2005లో గానీ రాలేదు. వాళ్ళ కోపం న్యాయమే. మీకు ఆ టెన్షన్ లేదు.

నా మటుకు ఈ పుస్తకం పెరిన్ కోసమే చదవాలి. గొడ్డలి మీద అసహ్యం పోయిన రోజు దాన్ని విసిరేయమని మొదటి పుస్తకంలో ఎలియాస్ పెరిన్‌కి చెప్పిన మాట గుర్తుందా? శత్రు తెగ షైడోల ఖైదీలను పెరిన్ ప్రశ్నించే ఘట్టం ఆ మాట గుర్తుపెట్టుకుని చదవండి. ఏమవుతుందో చెప్పను. సో హాబర్ ఊరి భాగం కూడా దాటేయకండి. కథ పెద్దగా ముందుకి కదలదు గానీ, పురుగులు పట్టిన ఆ ధాన్యం, భయంతో మాట పెగలని ఆ జనం... చివరి యుద్ధం దగ్గరపడుతోందని నాకు నిజంగా అనిపించింది అక్కడే.

మ్యాట్, అతను ఎత్తుకొచ్చిన రాజకుమారి టూవాన్ సర్కస్ బృందంతో తిరిగే అధ్యాయాలు హాయిగా సాగిపోతాయి. ఇలేన్ అధ్యాయాలు పైపైన చూస్తే చాలు: ఆమె రాజధాని కేమ్లిన్ ముట్టడిలో ఉంది, ఆమె కోరే సింహాసనానికి కావలసినన్ని వంశాల మద్దతు ఇంకా కూడలేదు. ఎగ్వేన్ నడిపే తిరుగుబాటు శిబిరంలో రాజకీయాలు సాగదీసినట్టే ఉంటాయి, కానీ ఆమె చివరి అధ్యాయం మాత్రం కచ్చితంగా చదవాలి. అది వదిలేస్తే పదకొండో పుస్తకంలో ఆమె ఎందుకు అక్కడుందో అర్థం కాదు.

మరీ విసుగొస్తే మధ్యలో న్యూ స్ప్రింగ్ చదవండి. మొదటి పుస్తకానికి ముందు కథ, మంత్రశక్తి ఉన్న మొరేన్, ఆమె అంగరక్షకుడు లాన్‌లది. ఈ సిరీస్ లెక్కలో చాలా చిన్నది, పైగా 2004లో, అంటే పది, పదకొండు పుస్తకాల మధ్యే వచ్చింది.