ఉత్తరాల బట్వాడా రోజులు సగానికి తగ్గిస్తే తపాలా ఖర్చు కూడా సగమవుతుందా?

కాదు, ఖర్చు కొంత తగ్గుతుంది కానీ సగం కాదు.

పోస్ట్‌మన్ ఒక గుమ్మంలో ఒక కవరు వేసినా, నాలుగు వేసినా అక్కడిదాకా నడక ఒకటే. రోజు విడిచి రోజు వెళ్తే ఆదా అయ్యేది ఆ నడక మాత్రమే. నిన్నటి ఉత్తరాలు ఇవాళ్టి సంచిలో చేరతాయి. డబ్బాల నుంచి తీయడం, ఊళ్లవారీగా వేరుచేయడం, బీటు (పోస్ట్‌మన్ తిరిగే దారి) వరుసలో ఇంటి నంబర్ల ప్రకారం పేర్చుకోవడం, ఏదీ తగ్గదు. పైగా పార్సిళ్ల కోసం వ్యాన్ ఎలాగూ తిరగాల్సిందే.

బ్రిటన్‌నే చూడండి. 2025 జులై నుంచి అక్కడి తపాలా సంస్థ రాయల్ మెయిల్ సెకండ్ క్లాస్ (తక్కువ ధరకు కాస్త నిదానంగా చేరే) ఉత్తరాలను శనివారం మానేసి, మిగతా పనిదినాల్లో రోజు విడిచి రోజు ఇచ్చేందుకు నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ అనుమతించింది. త్వరగా చేరే ఫస్ట్ క్లాస్‌కు పాత ఆరు రోజులే. దీనివల్ల ఏటా 25 నుంచి 42.5 కోట్ల పౌండ్లు మిగలొచ్చని అంచనా. రాయల్ మెయిల్ ఏడాది ఆదాయమే 700 కోట్ల పౌండ్ల పైమాట, కాబట్టి ఆదా ఎంత చిన్నదో తెలుస్తుంది. ఆసుపత్రి అపాయింట్‌మెంట్ కాగితం కోసం ఎదురుచూసే పెద్దవాళ్లకు మాత్రం ఒక్క రోజు ఆలస్యమైనా టెన్షనే.

ఉత్తరాలు తగ్గాయి కాబట్టి ఖర్చూ అంతే తగ్గాలని చాలామంది అనుకుంటారు. బ్రిటన్‌లో 2004-05లో సుమారు 2,000 కోట్లున్న ఉత్తరాలు 2023-24కు 660 కోట్లకు పడిపోయాయి. కానీ వెళ్లాల్సిన ఇళ్లు తగ్గలేదు, పెరిగాయి. ఆ భారమంతా మిగిలిన ఉత్తరాల మీదే పడుతుంది. 2020లో 76 పెన్స్ ఉన్న ఫస్ట్ క్లాస్ స్టాంపు 2025 ఏప్రిల్‌కు 1.70 పౌండ్లయింది.