సెలవుల డైరీ మూడు ముక్కలు దాటకపోతే

సెలవుల్లో చదివిన పుస్తకాల గురించీ రోజువారీ సంగతుల గురించీ రాయాలని కూర్చుంటే "లేచాను, తిన్నాను, చదివాను" అన్న మూడు ముక్కలు దాటడం లేదని మీరు రాశారు. రోజంతటినీ డైరీకి ఎక్కించాలని చూడటమే ఇందుకు కారణమని నా అభిప్రాయం. నాజీల కాలంలో అజ్ఞాతంలో ఉంటూ డైరీ రాసిన యూదు బాలిక అన్నే ఫ్రాంక్, 1942 జూన్ 12న తన పదమూడో పుట్టినరోజుకు అందిన నోటుపుస్తకంలో, కిట్టీ అనే ఊహాస్నేహితురాలికి ఉత్తరాలు రాసినట్టుగా రాసుకుంది. మీరూ ఎవరినో ఒకరిని ఎదుట ఊహించుకుంటే, చెప్పదగినదేదో అక్కర్లేనిదేదో దానంతటదే తేలిపోతుంది. పుస్తకం విషయంలో కథంతా తిరగరాయకుండా, మీరు వెనక్కి తిప్పి మళ్లీ చదివిన ఒక్క పేజీ గురించే రాయండి. నిన్న నేను, పాత పుస్తకంలో గుర్తుగా పెట్టి మరిచిపోయిన బస్సు టికెట్టు కనబడితే, దాని మీదే పేజీన్నర రాశాను. మధ్యలో నాలుగు రోజులు తప్పినా కొత్త నోటుపుస్తకం మొదలుపెట్టకండి (నేను మూడుసార్లు ఆ పని చేశాను). ఆనాటి తేదీ వేసి అక్కడినుంచే సాగించండి.